కాలాపానీలో కట్టుగొయ్య

పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజార్‌లో గడియార స్తంభం దగ్గర కాసేపు నిలబడితే హిందీ, బెంగాలీ, తమిళంతో పాటు శ్రీకాకుళం యాస తెలుగూ చెవిన పడుతుంది. అబర్డీన్ పేరు చరిత్రకెక్కింది మాత్రం ఒక యుద్ధంతో. తమ అడవిని నరికేస్తున్న బ్రిటిష్‌వాళ్ల మీదికి 1859 మే 17న ఈ దీవుల ఆదివాసులైన అండమానీలు విల్లంబులతో వచ్చారు. తుపాకుల ముందు ఓడిపోయారు.

అడవి పోయినచోట చేలు వచ్చాయి. వాటి వెంట గొడ్లు వచ్చాయి.

1858 మార్చి 10న బ్రిటిష్ అధికారి డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ కాలాపానీ శిక్ష పడ్డ 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. అప్పటిదాకా అండమానీలకు పెంపుడు జంతువన్నదే లేదు. ఆవు లేదు, కుక్క కూడా లేదు.

ఆవు తనది, కాలు తనది కాదు

పదేళ్లకు పైగా శిక్ష అనుభవించి, నడవడి బాగున్న ఖైదీని ‘సెల్ఫ్ సపోర్టర్’ అనేవారు. ఊళ్లో ఇల్లు వేసుకోవచ్చు, సేద్యం చేసుకోవచ్చు, పశువులను పెంచుకోవచ్చు. పెళ్లాడవచ్చు, లేదా సొంతూరు నుంచి ఆలుబిడ్డలను రప్పించుకోవచ్చు. దీవి దాటే హక్కు మాత్రం లేదు. పొద్దున్నే పాలు పితికి, పేడ ఎత్తి, దూడను కట్టేసే ఆ మనిషి కూడా సముద్రమనే పలుపుకు కట్టుబడినవాడే. అయినా ఆకలేసి అరిచే ఆవు అతన్ని ఖైదీగా చూడలేదు. సంకెళ్లు మోసిన చేతులకు ఆ కుడితి తొట్టి దగ్గరే మళ్లీ మనిషితనం దక్కిందని నేను నమ్ముతాను.

గీత దాటిన కుక్క

మన తెలంగాణలో కురుమల గొర్రెల మంద వెంట కుక్క ఉంటుంది. తోడేలును తరమడం దాని పని. అండమాన్‌లో తోడేలు లేదు, పులి లేదు, చిరుత లేదు. ఉన్నది అడవిపంది. ఖైదీల ఓడలతో వచ్చిన కుక్క అండమానీల చేతికి చేరాక ఆ పందివేటకే తోడైంది. పొదల్లో దాగిన పందిని వాసన పట్టి నిలవేసే కుక్కను వాళ్లు అపురూపంగా చూసుకున్నారు. చిన్న అండమాన్ దీవిలోని ఓంగీ తెగవాళ్లూ కుక్కలను చేరదీశారు. మన దగ్గర మందను కాసే జీవం, అక్కడ వేటగాడికి ముందు నడిచింది.

ఆ ఓడలే రోగాలనూ మోసుకొచ్చాయి. 1877 తట్టు ఎందరో అండమానీలను పొట్టన పెట్టుకుంది. 1901 జనగణనలో గ్రేట్ అండమానీలుగా పిలిచే వీళ్లు 625 మంది. 1961 నాటికి మిగిలింది 19 మందే. కుక్కకు అన్నం పెట్టిన చేతులే కరువైపోయాయి.

ఖైదీల వారసులను ఇక్కడ ‘లోకల్ బార్న్’ అంటారు. వాళ్ల తాతలు పాతిన కట్టుగొయ్య దగ్గరే ఈ ఊరు వేళ్లూనింది. ఆ గొయ్య దిగిన నేల ఎవరిదో కూడా మనం గుర్తుపెట్టుకోవాలి.