కరప్ట్: విరిగిన ఫైలు

“ఫైలు కరప్టయింది” అంటాం. లాటిన్‌లో ‘రుంపెరె’ అంటే విరగ్గొట్టడం. కరప్ట్‌కి మూలం అదే. ఇంటరప్ట్‌లోనూ, బ్యాంక్‌రప్ట్‌లోనూ ఆ విరగడమే ఉంది. మనకిది కొత్తేం కాదు: పాలు విరుగుతాయి, మనసు విరుగుతుంది.

భీమిలిలో, మా ఇంటి ఫైల్ సర్వర్‌లో ఓ ఫొటో తెరిచాను. పైసగం గోస్తనీ సముద్రంలో కలిసే చోటు, కిందసగం ఉత్త బూడిదరంగు. పాలకు కాస్త నిమ్మరసం చాలు. ఇలాంటి ఫైలుకు ఒక్క బిట్ తారుమారైనా చాలు. సర్వర్‌ని ఆపి, మళ్లీ వేసి, రెండుమూడుసార్లు చెక్‌సమ్ (ఫైలులోని బిట్లన్నిటి నుంచీ లెక్కగట్టే అంకె) తీశాను. ప్రతిసారీ వేరే అంకె వస్తే ర్యామ్‌నో కేబుల్‌నో అనుమానించాలి. ఎప్పుడూ ఒకే అంకె వస్తూ, అది ఫైలు బాగున్నప్పుడు తీసిపెట్టుకున్న పాత అంకెతో కలవకపోతే డిస్కులో రాసి ఉన్నదే చెడిందన్నమాట. నాది రెండోది.

రెండు డిస్కుల మిర్రర్ ఉందిగా అని ధీమా వద్దు. తప్పు రాస్తే ఆ తప్పే రెండింటిలోనూ పడుతుంది.

ఇదే ఊళ్లో డచ్చివాళ్ల సమాధుల మీది రాతలు వందల ఏళ్లుగా ఉప్పుగాలికి ఓర్చుకున్నాయి. డిస్కుకు అంత ఓపిక లేదు. విరిగిన పాలు మళ్లీ పాలు కావు. వేరేచోట ఇంకో కాపీ దాచుకోండి.