తాళం గుర్తుకు ముందు విరిగిన చెవి

1994 ఆగస్టు 11న అమెరికాలో ఫిలడెల్ఫియాలోని ఒకాయన, న్యూహాంప్‌షైర్‌లోని నెట్‌మార్కెట్ అనే చిన్న కంపెనీ దగ్గర కంప్యూటర్ మీదే గాయకుడు స్టింగ్ పాటల సీడీ ఒకటి కొన్నాడు. ధర 12.48 డాలర్లు, పోస్టు ఖర్చు అదనం. ఇంత చిన్న బేరం మర్నాడు న్యూయార్క్ టైమ్స్‌కి ఎక్కడానికి కారణం, ఆయన క్రెడిట్ కార్డు నంబరు దారిలో ఎవరికీ అర్థం కాని రూపంలో వెళ్లడం. అయితే ఆ భద్రత కోసం కొనేవాడు ముందు ప్రత్యేకమైన ప్రోగ్రాము తెచ్చుకుని ఎక్కించుకోవాలి. అంత తంటా పడి పాటల సీడీ కొనేవాళ్లు ఎందరుంటారు?

ఆ తంటా జనం నెత్తిన పెట్టకూడదన్నది నెట్‌స్కేప్ కంపెనీ ఆలోచన. ఇలా రూపం మార్చే ఎన్‌క్రిప్షన్ పని అంతా బ్రౌజరే చూసుకోవాలి, మనిషి బటన్ నొక్కితే చాలు. దీనికోసం ఎస్ఎస్ఎల్ అనే పద్ధతి రాశారు. మొదటి కూర్పులో లోపాలు దొరకడంతో అది బయటికే రాలేదు. 1995 ఫిబ్రవరిలో రెండోది వచ్చింది. బ్రౌజర్ కిటికీ కింద ఎడమ మూల చిన్న తాళంచెవి బొమ్మ పెట్టారు. మామూలు పేజీలో ఆ చెవి రెండు ముక్కలై కనిపించేది, భద్రమైన పేజీలోకి వెళ్తే అతుక్కునేది. తాళం బొమ్మ తర్వాత వచ్చింది. చాలా బ్రౌజర్లలో భద్రత ఉంటే తాళం, లేకపోతే ఏమీ లేదు. నా దృష్టిలో విరిగిన చెవే మంచి ఆలోచన. లేనిదాన్ని కూడా అది చూపించేది.

ఆ చెవి అతుకు ఎంత గట్టిదో ఆ ఏడాదే తేలిపోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం గట్టి ఎన్‌క్రిప్షన్ దేశం దాటకూడదు. విదేశాలకు పంపే నెట్‌స్కేప్‌లో రహస్య సంఖ్య 40 బిట్లే. 1995 ఆగస్టులో ఫ్రాన్స్ పరిశోధకుడు డామియెన్ డోలిజె, తనకు అందుబాటులో ఉన్న కంప్యూటర్లన్నిటినీ పనిలో పెట్టి ఎనిమిది రోజుల్లో దాన్ని ఛేదించాడు. అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ మన జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది సరిగ్గా ఆ నెలలోనే. మనకు దక్కిందీ ఆ బలహీనమైన రకమే.

అసలు దెబ్బ సెప్టెంబరులో పడింది. బర్కిలీ యూనివర్సిటీలో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు, ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్, నెట్‌స్కేప్‌ను విప్పి చూశారు. కంపెనీ సోర్స్ కోడ్ బయటపెట్టలేదు కాబట్టి, తయారైన ప్రోగ్రామును పట్టుకుని వెనక్కి చదువుకుంటూ పోయారు. ఎన్‌క్రిప్షన్‌కు ప్రాణం ఎవరూ ఊహించలేని ఒక సంఖ్య. దాన్ని నెట్‌స్కేప్ ఎక్కణ్ణుంచి తెస్తోందో చూస్తే, ఆ క్షణం టైము, ఆ ప్రోగ్రాముకు కంప్యూటర్ ఇచ్చిన నంబరు, దాన్ని మొదలుపెట్టిన ప్రోగ్రాము నంబరు, ఈ మూడింటినీ కలిపి వండుతోంది. నెట్‌స్కేప్ నడుస్తున్న యూనిక్స్ మెషీన్‌లోనే ఖాతా ఉన్నవాడికి ఆ రెండు నంబర్లూ కళ్లెదుటే ఉంటాయి. ఎన్ని గంటల ఎన్ని సెకన్లకు పంపారో నెట్‌వర్క్‌ను గమనిస్తే తెలుస్తుంది. ఇక మిగిలింది మైక్రోసెకన్లు, అంటే పది లక్షల అవకాశాలు. ఆనాటి వర్క్‌స్టేషన్‌కు అది నిమిషం పని కూడా కాదు.

నెట్‌స్కేప్ తప్పు వెంటనే దిద్దుకుంది. అంతకంటే మెచ్చుకోవాల్సిన పని మరుసటి నెల చేసింది. తమ బ్రౌజర్‌లో లోపం పట్టి చూపినవాళ్లకు బహుమతి ఇస్తామని ప్రకటించింది. ఇవాళ ఎన్నో పెద్ద కంపెనీలు నడిపే ‘బగ్ బౌంటీ’లకు మూలం అక్కడుంది.

దారిలో ఎవరూ వినకుండా చేయడం సగం పనే. అవతల ఉన్నది నిజంగా మన బ్యాంకేనా? దీనికి మూడో మనిషి సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం ఇచ్చే సంస్థలే సర్టిఫికెట్ అథారిటీలు. గెజిటెడ్ ఆఫీసర్ అటెస్టేషన్ గుర్తు తెచ్చుకోండి. ఏ ఊరి ఆఫీసరైనా ఏ ఊరి మనిషి కాగితం మీదైనా సంతకం పెట్టొచ్చు, అది దేశమంతా చెల్లుతుంది. ఇక్కడా అంతే. బ్రౌజర్ నమ్మే అథారిటీల్లో ఏదైనా సరే, ప్రపంచంలో ఏ సైటుకైనా సర్టిఫికెట్ ఇవ్వగలదు. అన్నిట్లోకీ అజాగ్రత్తగా ఉండే సంస్థ ఎంత గట్టిదో, మొత్తం ఏర్పాటు అంతే గట్టిది.

2011లో అది అనుభవంలోకి వచ్చింది. నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ అనే అథారిటీలోకి ఎవరో చొరబడి, గూగుల్‌తో సహా ఎన్నో పేర్ల మీద 500కు పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు. ఇరాన్‌లో జీమెయిల్ తెరిచినవాళ్లకు అంతా మామూలుగానే కనిపించింది, మధ్యలో ఎవరో చదువుతున్నారని తెలియలేదు. ఆగస్టు చివర్లో ఒక ఇరాన్ వినియోగదారుడికి మాత్రం గూగుల్ బ్రౌజర్ క్రోమ్ హెచ్చరిక చూపింది. గూగుల్ సైట్లకు ఏ అథారిటీల సర్టిఫికెట్లు రావాలో ఆ బ్రౌజర్‌లో ముందే రాసిపెట్టి ఉంది, డిజినోటార్ ఆ జాబితాలో లేదు. అతను ఊరుకోకుండా గూగుల్‌కు తెలియజేశాడు. దర్యాప్తులో దాదాపు 3 లక్షల ఐపీ చిరునామాలు ఈ వలలో పడ్డాయని, అవి దాదాపు అన్నీ ఇరాన్‌వేనని తేలింది. బ్రౌజర్లన్నీ డిజినోటార్‌ను తమ జాబితాల నుంచి తీసేశాయి. సెప్టెంబరులో కంపెనీ దివాలా తీసింది. చొరబాటు సంగతి జూలైలోనే తెలిసినా బయటికి చెప్పకపోవడమే దాని అసలు నేరమని నేననుకుంటాను.

‘మేము జాగ్రత్తగా ఉంటాం’ అనే అథారిటీల మాట మీద ఇక నడవదని గూగుల్‌లో బెన్ లారీ, ఆడమ్ లాంగ్లీ వంటివాళ్లు తీర్మానించుకున్నారు. వాళ్ల ప్రతిపాదన సాదాసీదాగా ఉంటుంది. ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్‌నూ అందరూ చూడగల చిట్టాలో ఎక్కించాలి. ఆ చిట్టాలో కొత్తది కలపొచ్చు గానీ, పాతది దిద్దడం, చెరపడం కుదరదు. నా పేరున ఎవరైనా సర్టిఫికెట్ పుట్టిస్తే నేను చూసి పట్టుకోవచ్చు. ఇది 2013లో ప్రమాణంగా అచ్చయింది. మరుసటి ఏడాది జూలైలో మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్ఐసీ) నుంచే గూగుల్ పేర్ల మీద అనధికార సర్టిఫికెట్లు వచ్చినట్టు బయటపడింది. భారత నియంత్రణాధికారి ఎన్ఐసీ సర్టిఫికెట్లను మరుసటి రోజే రద్దు చేశారు. అయినా క్రోమ్, భారత అథారిటీ మాట gov.in వంటి కొద్ది పేర్లకే చెల్లుతుందని గీత గీసింది. 2018 ఏప్రిల్ 30 తర్వాత ఇచ్చిన సర్టిఫికెట్ చిట్టాకెక్కకపోతే దాన్ని క్రోమ్ ఒప్పుకోవడం మానేసింది.

ఇదంతా సర్టిఫికెట్ ఉన్నవాళ్ల గొడవ. అప్పట్లో చాలా చిన్న సైట్లకు అసలు సర్టిఫికెట్టే ఉండేది కాదు, అది డబ్బుతో పని. మొజిల్లాలో జోష్ ఆస్, ఎరిక్ రెస్కోర్లా, ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌లో పీటర్ ఎకర్స్‌లీ, మిషిగన్ యూనివర్సిటీలో అలెక్స్ హాల్డర్‌మన్ కలిసి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే ఉచిత అథారిటీని నిలబెట్టారు. 2015 సెప్టెంబరులో మొదటి సర్టిఫికెట్ ఇచ్చి, 2020 ఫిబ్రవరికి వంద కోట్లు దాటించారు. మనిషి చేయి పడకుండా ప్రోగ్రామే అడిగి, ప్రోగ్రామే ఇస్తుంది. 2018 జూలైలో క్రోమ్, ఎన్‌క్రిప్షన్ లేని సైట్లన్నిటి పక్కనా ‘భద్రం కాదు’ అని రాయడం మొదలుపెట్టింది. విరిగిన చెవి చెప్పిందీ ఇదే.

సర్టిఫికెట్ అందరికీ దొరికితే మోసగాళ్లకూ దొరుకుతుంది. ‘తాళం గుర్తు ఉందో లేదో చూసుకోండి’ అని ఏళ్ల తరబడి బ్యాంకులు చెప్పిన సలహా సగమే నిజం. దారి భద్రమని తాళం చెబుతుంది. దారి చివర ఉన్నవాడు దొంగో దొరో అది చెప్పదు. గూగుల్ 2021లో అడిగి చూస్తే, ఆ గుర్తుకు సరైన అర్థం చెప్పగలిగినవాళ్లు 11 శాతమే. 2023 సెప్టెంబరులో క్రోమ్ తాళాన్ని అడ్రస్ బార్ నుంచి తీసేసి, సెట్టింగులను తలపించే బొమ్మ పెట్టింది.

సర్టిఫికెట్ల గడువు కూడా కుదించుకుపోతోంది. ఒకప్పుడు అవి ఏళ్ల తరబడి చెల్లేవి. అథారిటీలు, బ్రౌజర్ల కంపెనీలు 2025 ఏప్రిల్‌లో ఓటు వేసి ఒప్పుకున్న ప్రకారం, 2029 మార్చి నుంచి కొత్తగా ఇచ్చే ఏ సర్టిఫికెట్టూ 47 రోజులకు మించి చెల్లదు.