గుంటూరి గ్రహణమును అన్యలోకజీవులును

ఇతర లోకములయందు బుద్ధిగల ప్రాణులున్నారా యను విచారము పాశ్చాత్యుల దూరదర్శినులకే చెందినదని మనలో పెక్కండ్రు తలంచుచున్నారు. ఆ విచారమునకు నేడు ముఖ్యమైన సాధనము మన కృష్ణామండలముననే పదునెక్కిన దనుట కొందఱు చదువరులకు వింతగా తోచవచ్చును.

1868 వ సంవత్సరము ఆగస్టు 18 వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణమయ్యెను. చంద్రుని నీడ బిజాపురము మీదుగా వచ్చి గుంటూరును, బందరును దాటి సముద్రమున ప్రవేశించెను. బెజవాడయు ఆ నీడలోనిదే. ఫ్రాన్సుదేశపు జాన్సెన్ పండితుడు గుంటూరునందును, మదరాసు నక్షత్రశాలాధిపతి యగు పాగ్సన్ బందరునందును యంత్రములు నిలిపిరి. ఆ శాలలో పనిచేయు చింతామణి రఘునాథాచార్యులు వనపర్తికి పోయి చూచెను.

ఆ కొన్ని నిమిషములలో మన యిండ్లలో నేమి జరిగియుండునో యూహించుట కష్టము కాదు. గర్భిణులను చీకటి గదిలో నుంచి తలుపులు బిగించి యుందురు. వండిన యన్నము పారబోసి యుందురు. పంచాంగకర్త గ్రహణకాలమును గణితముచే ముందుగానే చెప్పును. ఆ గణితమును నమ్మి, దానితోడనే రాహువునుగూడ నమ్ముట మనకే చెల్లినది! నేటికిని ఎన్ని గృహములలో ఆ తలుపు తెఱచుకొన్నదో చదువరులే చెప్పవలెను.

జాన్సెన్ చేసిన పని యిది. కాంతిని గాజుపట్టకము గుండ పోనిచ్చినచో రంగుల పట్టె యేర్పడును. వేడెక్కిన యొక్కొక్క వాయువు తనకే చెల్లిన గీతలను చూపును. సూర్యుని యంచున లేచు ఎఱ్ఱని జ్వాలలలో ఉదజని గీతలు ఆయనకు మిక్కిలి ప్రకాశముగా కనబడెను. ఇంత ప్రకాశమున్నచో గ్రహణముతో పని యేమి యని తలచి, మఱునాడు ఉదయముననే గ్రహణము లేకుండ వానిని మరల చూచెను. హీలియమును ఆయనయే గుంటూరులో కనిపెట్టెనని వ్రాయుట కలదు. మేము దాని నంగీకరింపము. ఆ జ్వాలలలోని పసుపుపచ్చని గీత సోడియపు గీతతో సరిగా కలియలేదని బందరున పాగ్సన్ గుర్తించెను. అది క్రొత్త మూలపదార్థమని ఇంగ్లండులో లాకియర్ తలచెను. 1895లో రామ్సే దానిని భూమిమీద పట్టుకొనెను.

దీనికిని అన్యలోకజీవులకును సంబంధమేమి? జాన్సెన్ గుంటూరు వచ్చుటకు ముందటి యేడు, 1867లో, ఎట్నాపర్వత మెక్కి కుజుని కాంతి నిట్లే విప్పిచూచి, అచ్చట నీటియావిరి కలదని ప్రకటించెను. నీరున్నచోట ప్రాణముండునను ఆశ లోకమున వ్యాపించెను. 1909లో అమెరికాలోని విట్నీ శిఖరమునుండి కాంబెల్ పరీక్షించి, తన యంత్రమున కందునంత ఆవిరి అచ్చట లేదని చూపెను. మన గాలిలోని తేమయే కుజునిదిగా కనబడి యుండును.

పద్ధతి మాత్రము నిలిచినది. రేడియో సంకేతములకై 1960లో డ్రేక్ చెవియొగ్గిన నాటనుండి బుద్ధిజీవులదని నిర్ధారణయైన పలుకొక్కటియు వినబడలేదు. కావున దూరగ్రహముల గాలిని వడకట్టి వచ్చు నక్షత్రకాంతిని విప్పుటయందే నేడు పండితులకు ఆశ హెచ్చు. 2025 ఏప్రిలులో కేంబ్రిడ్జిలోని మధుసూదన్ బృందము, సుమారు 124 కాంతిసంవత్సరముల దూరమున నున్న కే2-18బి గ్రహముపై, భూమిమీద ముఖ్యముగా సముద్రపు సూక్ష్మజీవులు పుట్టించు వాయువు జాడ కనబడినట్లు ప్రకటించెను. అవే గీతలను మరల లెక్కించిన ఇతరులు ఆ సాక్ష్యము చాలదనిరి.