నలుగురిలోకి వెళ్ళే చీర



ఇంటికి శుభలేఖ వస్తుంది. దగ్గరివాళ్ళ పెళ్ళి. లేకపోతే మావారి ఆఫీసులో పెద్ద విందు, పిల్లల కాలేజీలో పట్టాల పండగ. కార్డు చేతిలో పడగానే మనకు మొదట వచ్చే ఆలోచన ఒకటే కదూ! ఏం కట్టుకుని వెళ్ళాలి? బీరువా తలుపు తీసి నిలబడతాం. పెద్ద పట్టుచీర తీస్తే నిండుగానే ఉంటుంది. కాని ఎండాకాలం, నాలుగు గంటలు కూర్చోవాలి, మధ్యలో చంటిపిల్లను ఎత్తుకోవాలి. పోనీ నూలు చీర కడదామా అంటే, ఒంటికి హాయిగా ఉంటుంది గాని, "ఇదేమిటమ్మా, పెళ్ళికొచ్చావా, కూరలకొచ్చావా?" అని పెద్దత్తగారు అననే అంటారు.

నిండుగా ఉండాలి, హాయిగానూ ఉండాలి. ఈ చిక్కు మనతో మొదలైంది కాదు. నూట అరవై ఏళ్ళ కిందట ఒక పధ్నాలుగేళ్ళ అమ్మాయికి ఇదే చిక్కు వచ్చింది. ఆమె దాన్ని విప్పుకున్న తీరులోంచే ఈనాడు మనం కట్టుకునే కట్టు చాలావరకు వచ్చిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది. చీర, లోలంగా, జాకెట్టు, ఎడమ భుజం మీద పైట - ఇదంతా సీతాసావిత్రుల నాటినుంచీ ఇలాగే ఉందని మనం అనుకుంటాం. చీర పాతదే. ఈ నాలుగూ కలిసిన ముస్తాబు మాత్రం అంత పాతది కాదు.

పూర్వం మన ముత్తవ్వల కట్టు ఎలా ఉండేదో కాస్త గుర్తు చేసుకోండి. గోచీ పోసి, కచ్చ బిగించి కట్టే పెద్ద చీరలు. ఆ కట్టుకు లోలంగా అవసరం లేదు. నడుము దగ్గర బిగువుగా, కాళ్ళకు అడ్డం రాకుండా ఉండేది. పొలంలో నాట్లు వేసినా, తిరగలి విసిరినా, ఏరు దాటినా ఇబ్బంది లేదు. చీరకట్టుల మీద ఎంతో పరిశోధన చేసిన రీతా కపూర్ చిష్తీ దేశం మొత్తం మీద వందకు పైగా రకాల కట్టులను నమోదు చేశారు. ఒక్కొక్క ఊరికి, ఒక్కొక్క కులానికి, ఒక్కొక్క పనికి ఒక్కొక్క కట్టు ఉండేదన్నమాట. మడి కట్టుకునే ఇళ్ళలో కుట్టిన గుడ్డ పనికిరాదనే పట్టింపు కూడా చాలాచోట్ల ఉండేది.

బెంగాలు సంగతి వేరు. అక్కడ గొప్ప ఇళ్ళ ఆడవాళ్ళు లోపల లంగా గాని, పైన రవిక గాని లేకుండా ఒక్క పలుచని నూలు చీర చుట్టుకునేవారు. అంతఃపురం గడప దాటని వాళ్ళకు అది చాలు. వేడికి హాయి కూడాను. కాని గడప దాటవలసి వస్తే?

అలా దాటవలసి వచ్చిన అమ్మాయి జ్ఞానదానందినీ దేవి. కలకత్తా జొరసంకోలోని టాగోర్ల ఇంటి కోడలు, మన రవీంద్రుడి వదినగారు. భర్త సత్యేంద్రనాథ్ టాగోర్ ఐ.సి.యస్. పరీక్ష నెగ్గిన మొదటి భారతీయుడు. ఆయనకు బొంబాయి రాష్ట్రంలో ఉద్యోగం అయింది. 1864లో భార్యను వెంట తీసుకెళ్ళాలనుకున్నారు. అప్పుడు పుట్టింది సమస్య. ఓడ ఎక్కాలి, పరాయి ఊళ్ళో నలుగురి మధ్య తిరగాలి. ఇంట్లో కట్టే ఆ ఒక్క పలుచని చీరతో ఎలా?

ఏం చేశారనుకున్నారు? కలకత్తాలో ఒక ఫ్రెంచి దుకాణానికి చెప్పి, "ప్రాచ్య దుస్తులు" అన్న పేరుతో ఒక వేషం కుట్టించారు. చూడడానికి ఘనంగా ఉంది గాని, దాన్ని ఆమె తనంతట తాను తొడుక్కోలేకపోయేవారు. ప్రతిసారీ భర్త సాయం పట్టవలసి వచ్చేది. ఇంటి కోడలు నలుగురూ చూస్తుండగా నడిచి వెళ్ళడం మర్యాద కాదని పల్లకీలో ఓడ దాకా పంపారు. ఒంటిమీద ఊపిరాడని బట్ట, చుట్టూ పల్లకీ తెర! మొదటి ప్రయాణం అలా సాగింది.

బొంబాయిలో వాళ్ళు దిగింది మానెక్‌జీ కర్సెట్‌జీ అనే పారసీ పెద్దమనిషి ఇంట్లో. ఆడపిల్లలకు 1863లో ఇంగ్లీషు బడి పెట్టిన సంస్కర్త ఆయన. ఆ ఇంటి ఆడవాళ్ళు చక్కగా లోపల లంగా, పైన జాకెట్టు తొడుక్కుని, దానిమీద పట్టుచీర కట్టుకుని మగవాళ్ళతో సమానంగా బల్ల దగ్గర కూర్చుని మాట్లాడేవారు. జ్ఞానదానందిని ఫ్రెంచి వేషాన్ని పక్కన పెట్టేసి వాళ్ళ కట్టు నేర్చుకున్నారు. నేర్చుకుని ఊరుకోలేదు, తన వీలుకు తగ్గట్టు దిద్దుకున్నారు. పారసీలు పైటను కుడి భుజం మీదుగా ముందుకు తెచ్చుకుంటారు. ఆమె దాన్ని ఎడమ భుజానికి మార్చారు. కుడిచెయ్యి ఖాళీగా ఉంటే పలకరింపులకు, పనికి వీలుగా ఉంటుందని. ఇవాళ మనం పెళ్ళిలో కుడిచేత్తో అక్షింతలు వేస్తున్నా, వడ్డిస్తున్నా పైట అడ్డం రావడం లేదంటే ఆ సుఖం అక్కడిదే.

1866లో కలకత్తాలో గవర్నరు జనరల్ లారెన్సు ప్రభువు ఇచ్చిన విందుకు జ్ఞానదానందిని వెళ్ళారు. అంతకుముందు బెంగాలీ కులస్త్రీ అలాంటి చోటికి వెళ్ళిన వాడుక లేదు. అక్కడివాళ్ళు కొందరు ఆమెను చూసి భోపాలు బేగం అనుకున్నారట. బయట తిరిగే దేశీయురాలు ఆవిడొక్కతే అని వాళ్ళకు తెలుసు మరి. అదే విందుకు వచ్చిన ప్రసన్నకుమార టాగోర్, వాళ్ళ బంధువుల్లో పెద్ద, తమ ఇంటి కోడలు పదిమందిలో నిలబడడం చూడలేక అక్కడినుంచి లేచి వెళ్ళిపోయారు. ఒంటినిండా బట్ట ఉంది, మర్యాద ఉంది. అయినా ఒక పెద్దమనిషికి తలవంపుగా తోచింది. ఆయనకు కష్టం కలిగించింది చీర కాదు, ఆ చీర కట్టుకున్న మనిషి అక్కడ ఉండడం. ఈ ముక్క మనం గుర్తుంచుకోవాలి. ఆడవాళ్ళ బట్టల మీద వచ్చే మాటల్లో సగం బట్టల గురించినవి కావు.

ఆమె బెదరలేదు. పత్రికలో ప్రకటన వేయించి, కావలసినవాళ్ళకు ఆ కట్టు నేర్పించారు. బ్రహ్మసమాజపు ఇళ్ళలో మొదట పాకింది కాబట్టి "బ్రాహ్మికా చీర" అన్న పేరు వచ్చింది. బడులు వచ్చాయి, రైళ్ళు వచ్చాయి, సభలు వచ్చాయి. గడప దాటే ఆడవాళ్ళు పెరిగినకొద్దీ ఈ కట్టు ఊరూరా తిరిగింది. కుచ్చెళ్ళు ముందుకు పోసి పైట ఎడమ భుజాన వేసే కట్టును ఇంగ్లీషు పుస్తకాలు "నివి" అంటూ మన ఆంధ్రదేశానికి ముడిపెడతాయి. నీవి అంటే మన పాత కావ్యాల్లో పోకముడే కదా!

ఈ ముస్తాబులో ఒక్కొక్క భాగం చేసే పని చూడండి. లోలంగా బొందు నడుముకు బిగిస్తే చీర బరువంతా దాని మీద నిలుస్తుంది. అందుకే ఐదారు గజాల చీరతో గోచీ లేకుండా నిశ్చింతగా నడవగలం. రవిక మన తెలుగునాట పాత మాటే. జాకెట్టు మాత్రం ఇంగ్లీషు నుంచి వచ్చి మన వంటింటి దాకా స్థిరపడింది. ఇక పైట జారకుండా పెట్టుకునే పిన్నీసు ఉందే, దాన్ని 1849లో అమెరికాలో వాల్టర్ హంట్ అనే ఆయన కనిపెట్టాడు. పదిహేను డాలర్ల అప్పు తీర్చడానికి తీగముక్కను వంచుతూ కూర్చుని, వచ్చిన హక్కును నాలుగు వందల డాలర్లకు అమ్ముకున్నాడు. పాపం, ఇన్నికోట్ల పైటలు దానిమీద ఆధారపడతాయని ఆయనకేం తెలుసు!

అయితే ఈ కథకు ఇంకో పక్క కూడా ఉంది. జ్ఞానదానందిని ఫ్రెంచి వేషంతో అవస్థ పడడానికి ఐదేళ్ళ ముందు, తిరువాన్కూరులో నాడారు స్త్రీలు రొమ్ము మీద బట్ట కప్పుకునే హక్కు కోసం దెబ్బలు తింటున్నారు. పై కులాల వాళ్ళలా పైట వేసుకోవడానికి వాళ్ళకు అనుమతి లేదు. ఎన్నో అల్లర్ల తరవాత 1859లో మహారాజు ప్రకటన చేశారు. జాకెట్టు తొడుక్కోవచ్చు, ముతకగుడ్డ కప్పుకోవచ్చు, కాని పై కులాల స్త్రీలలా మాత్రం వేసుకోకూడదు! మన తెలుగు ఇళ్ళలో సనాతన కుటుంబాల వితంతువులకు రవిక నిషిద్ధంగా ఉండేది. పదహారేళ్ళ పిల్లయినా సరే, భర్త పోతే రవిక తీసెయ్యవలసిందే. శుభకార్యానికి ఏం కట్టుకోవాలా అని ఆలోచించే భాగ్యమే ఆమెకు లేదు, అసలు ఆ కార్యానికే ఆమె రాకూడదు. బీరువా ముందు నిలబడి మనం పడే ఆ చిన్న తికమక ఎంతమందికి అందని వరమో చూశారా!

తరవాత స్వరాజ్యోద్యమం వచ్చి "మంచి చీర" అంటే ఏమిటో మార్చేసింది. విదేశీ గుడ్డలు మంటల్లో వేసి ఖద్దరు కట్టినవాళ్ళలో మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి ఒకరు. 1923లో కాకినాడ కాంగ్రెసు అప్పుడు ఖద్దరు ప్రదర్శన వాకిట వలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపిన పధ్నాలుగేళ్ళ పిల్ల ఆవిడే. ఆ రోజుల్లో ముతక ఖద్దరు చీర ఒంటికి బరువు, తడిస్తే మరీ బరువు. అయినా సభలకు, పెళ్ళిళ్ళకు కూడా అదే కట్టుకున్నారు. 1942లో ఇందిర పెళ్ళినాడు కట్టుకున్న గులాబిరంగు చీర, తండ్రి జైల్లో వడికిన నూలుతో నేసింది. సుఖం కన్నా గౌరవం ముఖ్యమనుకున్న కాలమది.

అదే రోజుల్లో సంస్థానాల్లో ఇంకో దారి సాగింది. బరోడాలో పుట్టి కూచ్‌బిహారు మహారాణి అయిన ఇందిరాదేవి గాలికి తేలే శిఫాను చీరలకు పేరు తెచ్చారు. 1931లో నిజాం కొడుకులను పెళ్ళాడి హైదరాబాదు వచ్చిన టర్కీ రాజకుమార్తెలు దుర్రుషెహ్వార్, నీలోఫర్ ఇద్దరూ చీరలకు అలవాటుపడ్డారు. నీలోఫర్ చీరలు కొన్ని న్యూయార్కు మ్యూజియం దాకా వెళ్ళాయి. మన ఊళ్ళో ఆవిడ పేరు మాత్రం ఆస్పత్రి మీద నిలిచింది.

నిండుదనం, హాయి రెండూ కలపడం అసలు ఎవరికి తెలుసునంటే, మన నేతగాళ్ళకు. గద్వాల చీర తీసుకోండి. ఒళ్ళంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. చూసేవాళ్ళ కళ్ళు పడేచోట జరీ, మన ఒంటికి తగిలేచోట నూలు! వేసవి పెళ్ళికి ఇంతకన్నా ఏం కావాలి? వెంకటగిరి నూలు సన్నదనంలోనే గొప్ప. జరీ ఉన్నా బరువుండదు. మంగళగిరి చీర అంచు బిగువుగా ఉండి కుచ్చెళ్ళు నిలబెడుతుంది. పోచంపల్లిలో దారానికి ముందే రంగులద్ది నేస్తారు గనక రెండు పక్కలా రంగు పండుతుంది. ఉప్పాడ జామ్‌దానీ పూలు మగ్గం మీదే పూస్తాయి. పెద్ద కార్యానికి పెద్ద బరువు అక్కర్లేదని ఈ చీరలే చెబుతాయి.

కాబట్టి అమ్మలూ, ఈసారి శుభలేఖ వచ్చినప్పుడు చీరను అద్దంలో చూసి ఊరుకోకండి. కట్టుకుని ఒకసారి కింద కూర్చుని లేవండి. నాలుగు మెట్లెక్కి దిగండి. చేతులు పైకెత్తి చూడండి, జాకెట్టు చంకల్లో పట్టేస్తే ముందే తెలుస్తుంది. లంగా నూలుదైతే చెమట పీలుస్తుంది, పట్టుచీర కింద కుచ్చెళ్ళు జారవు. బొందు మరీ బిగించకండి, రోజూ ఒకేచోట బిగిస్తే నడుము చర్మం ఒరుసుకుపోతుంది. బరువైన పైటకు పిన్నీసును పైట మడతలతో పాటు జాకెట్టు భుజం కుట్టులోకి గుచ్చండి, గుడ్డ చిరగదు. చెప్పులు కొత్తవైతే ఒకరోజు ముందు ఇంట్లో తొడుక్కుని తిరగండి.

2014 సెప్టెంబరులో మన ఉపగ్రహం అంగారకుడి కక్ష్యలోకి చేరిన రోజు, బెంగుళూరు కేంద్రంలో పట్టుచీరలు కట్టి, జడలో పూలు పెట్టుకున్న ఆడవాళ్ళు సంబరపడుతున్న ఫోటో లోకమంతా చూసింది. 2019 డిసెంబరులో స్వీడన్‌లో నోబెల్ బహుమతి అందుకునే సభకు ఫ్రెంచి దేశంలో పుట్టిన ఎస్తేర్ డూఫ్లో చీర కట్టుకుని వచ్చారు. ఒకప్పుడు మన ఇంటి కోడలికి సభకు తగిన బట్ట కుట్టలేకపోయారు ఫ్రెంచి దర్జీలు. ఆ దేశపు ఆడపడుచే ఇంత పెద్ద సభకు చీర ఎంచుకుంది!

చీరే కట్టుకోవాలని నేననను. మన అమ్మాయిలకు సల్వారు కమీజు హాయిగా ఉంటే అదే తొడుక్కోనివ్వండి. కట్టు నలుగురిలోకి వెళ్ళడానికి వీలివ్వాలి. వెళ్ళిన చోట పైట సర్దుకోవడంలో కాకుండా, వచ్చిన పనిలో మనసు నిలవాలి. ఆ పధ్నాలుగేళ్ళ కోడలు పట్టుబట్టి సాధించుకున్నది అదే.