దింపగలిగే చోటే తూటా

మ్యాప్‌ను బల్ల మీద పరవండి. ఇది మోంటానా రాష్ట్రం దక్షిణపు అంచు, అబ్సరోకా-బేర్‌టూత్ వైల్డర్‌నెస్. ప్రభుత్వ భూమి. ఎవరైనా నడిచి వెళ్లొచ్చు, బండి మాత్రం పోకూడదు. ఎత్తును చూపే గోధుమరంగు గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకునే చోట వేలు ఆపండి. అక్కడ కొండ నిలువునా లేస్తుంది. పైన గడ్డి, పక్కనే బండలు. మీరు వేటాడబోయే బిగ్‌హార్న్ అడవి గొర్రె పొట్టేలు పడుకునేది ఆ అంచునే. తోడేలు కనబడితే నాలుగు గెంతుల్లో బండల్లోకి దిగిపోతుంది.

ఎర్ర పెన్సిల్‌తో ఆ అంచు చుట్టూ సున్నా చుట్టేశారా? అసలు పని ఇప్పుడే మొదలు. మాంసం కిందికి వచ్చే దారి గీయాలి. బాగా ఎదిగిన పొట్టేలు 100 కిలోలు దాటొచ్చు. కొమ్ములే 14 కిలోల దాకా తూగుతాయి. తినదగిన మాంసాన్ని కొండ మీద వదిలేస్తే నేరం. ఎక్కే దారి కన్నా ఈ గీతకే ఎక్కువ సమయం ఇవ్వండి.

ఇక్కడ కొన్ని వేట జిల్లాల్లో లాటరీ లేదు, లైసెన్సు అడిగినవారికల్లా ఇస్తారు. కానీ చంపనిచ్చే పొట్టేళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఎందుకంత తక్కువ? విచ్చలవిడిగా కాల్చి, పెంపుడు గొర్రెల రోగాలు అంటించి, 1900 నాటికి ఈ జాతిని దాదాపు తుడిచిపెట్టేశారు. ఇప్పటికీ న్యుమోనియా వస్తే మందలకు మందలే పోతాయి. కోటా నిండిందంటే 48 గంటల నోటీసుతో సీజన్ మూసేస్తారు. కొండ మీద ఫోను పనిచేయదు. రోజూ సాయంత్రం శాటిలైట్ మెసెంజర్‌కు ఒక్క ముక్క పంపమని ఇంట్లోవాళ్లకు చెప్పి బయల్దేరండి.

సెప్టెంబరు. 3,000 మీటర్ల పైన, బండ చాటున బోర్లా పడుకుని ఉన్నారు. రాతి చలి చొక్కా దాటి పొట్టకు తగులుతోంది. నడుముకు బేర్ స్ప్రే డబ్బా గుచ్చుకుంటోంది. గ్రిజ్లీ ఎలుగులు తిరిగే చోటు కదా, అలాగే ఉండనివ్వండి. స్కోప్‌లో ఒక బూడిదరంగు రాయి తల తిప్పింది.

పొట్టేలు!

ఎడమ కొమ్ము కొన అరిగి మొద్దుబారింది. కొమ్ము మీద ఏటేటా పడిన వలయాలు లెక్కకు అందుతున్నాయి. తొందరపడకండి, సరిగ్గా పక్కకు తిరగనివ్వండి. కొమ్ము మొదలు ముందు అంచు నుంచి కంటి మీదుగా మనసులోనే ఒక గీత లాగండి. కొమ్ము ఆ గీతను తాకాలి. తాకకపోతే కాల్చకూడదు.

తాకింది.

పడమట ఉరిమింది. గాలి మారింది. మంచు పలుకులు మెడ మీద పడుతున్నాయి. 250 మీటర్లు. వేలు ట్రిగ్గర్ పక్కకు చేరింది.

పొట్టేలు లేచింది. అంచుకు నడిచింది. దాని కాళ్ల కింద చూడండి. చీలిక. అడుగు కనబడదు. పడితే అందులోకే. మీరు గీసిన దారి ఉత్తరాన ఉంది. ఇది దక్షిణం.

వేలు తీయండి.

ఎంత కష్టమో నాకు తెలుసు. ఇలాంటి పొట్టేలు మళ్లీ ఎదురుపడకపోవచ్చు. అయినా దింపుకోలేని చోట కాల్చడాన్ని నేను వేట అనలేను.

మెరుపు! తూటాలు తీసేయండి. శిఖరం వదలండి. దిగండి. రాళ్లు జారుతున్నాయి. మడమ ఆనించండి. ఆగండి. మళ్లీ అడుగు.

డేరా చేరేసరికి వేళ్లు వంగడం లేదు. మెసెంజర్ వెలిగింది: ‘ఇంకా మూయలేదు.’ తడి చేతొడుగులు విప్పి మ్యాప్ తీయండి. ఎండెక్కాక గాలి లోయలోంచి పైకి వీస్తుంది. కింది నుంచి వెళ్తే మీ వాసన మీకన్నా ముందు చేరుతుంది. పైగా పొట్టేలు చూపంతా కిందికే. కాబట్టి రేపు చీకటితోనే ఉత్తరపు గట్టు ఎక్కి, పై నుంచి దిగాలి. తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టండి. లేచేసరికి రాళ్ల మీద మంచు గడ్డకట్టి ఉంటే ఆ దారి కొట్టేసి, తూర్పు నుంచి చుట్టు తిరిగి వచ్చేలా ఇంకో గీత గీయండి.