నిద్రపోని భోషాణం

వేసవిలో కాలిఫోర్నియాలో అర్ధరాత్రి పన్నెండంటే విజయవాడలో మధ్యాహ్నం పన్నెండున్నర. ఫ్రీమాంట్‌లోనో శాన్ హోసేలోనో కొడుకు కుటుంబం గాఢనిద్రలో ఉన్న వేళ, ఇక్కడ నాయనమ్మ వంట ముగించి ఫోను చేతిలోకి తీసుకుంటుంది. మనవరాలి పుట్టినరోజు వీడియో మరోసారి చూడాలని ఆమె కోరిక. ఆ వీడియో కొడుకింట్లోనే, బట్టల అలమర పై అరలో ఉన్న చిన్న పెట్టెలో ఉంది. ఇల్లంతా పడుకున్నా ఆ పెట్టె మేలుకునే ఉండాలి.

మేలుకునేదానికి మేత కావాలి. ఏడాదికి 8,760 గంటలు. వంద వాట్లు తినే పాత కంప్యూటర్ని అన్ని గంటలూ నడిపితే 876 యూనిట్లు కాలుతాయి. యూనిట్ 30 సెంట్లున్న ఇంట్లో అది 260 డాలర్ల పైమాటే. అదే పని పది వాట్లతో చేసే పెట్టెకు 26 డాలర్లు చాలు. ఇంటి సర్వర్ అనే ఈ పెట్టె కథను సాధారణంగా గిగాబైట్ల లెక్కలో చెబుతారు కానీ, అది సామాన్యుల ఇంట్లోకి ఎలా వచ్చిందో తెలియాలంటే వాట్ల లెక్కలోనే చూడాలి.

కథ మొదలైంది శాన్ హోసేలోనే. 99 నోటర్ డామ్ అవెన్యూలోని ఐబీఎం ప్రయోగశాలలో రేనాల్డ్ జాన్సన్ బృందం తయారుచేసిన డిస్క్ నిల్వ యంత్రం 1956 సెప్టెంబరులో లోకానికి పరిచయమైంది. రేమాక్ అనే కంప్యూటర్‌కు అది అనుబంధం. ఒక్కోటి 24 అంగుళాల వెడల్పున్న 50 పళ్లేలు ఒకే ఇరుసు మీద గిరగిరా తిరిగేవి. బరువు టన్నుకు పైనే. అంతా కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేది. ఇవాళ మంచి కెమెరాతో తీసిన ఒక్క ఫొటోకు అది సరిపోకపోవచ్చు. రేమాక్ మొత్తం అద్దె నెలకు 3,200 డాలర్లు. కరెంటు బిల్లు ఎంతొస్తుందని అడిగే ఇంటివాళ్లు ఆ రోజుల్లో దాని దరిదాపులకు వచ్చే ప్రశ్నే లేదు.

డిస్కు బల్లమీదికి చేరడానికి పాతికేళ్లు పట్టింది. 1980లో సీగేట్ 5 మెగాబైట్ల డిస్కును అయిదుంబావు అంగుళాల కొలతలో అమ్మింది. ఆ తర్వాత ఆఫీసుల్లో కొత్త కోరిక పుట్టింది: అందరి ఫైళ్లూ ఒక్క చోట ఉండాలి, అందరికీ అందాలి. సన్ మైక్రోసిస్టమ్స్, నోవెల్ అందుకు దారి వేశాయి. బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ 1988లో ప్రచురించిన పత్రం ఒకటి ఇంకో చిక్కు తీర్చింది. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనేబదులు చవక డిస్కులు కొన్ని కట్టకట్టి, ఒకటి చచ్చినా మిగిలినవాటితో పని నడిపించవచ్చన్నారు. దానికి వాళ్లు పెట్టిన పేరు రెయిడ్. ఇవాళ అలమరలో రెండు డిస్కులు పెట్టుకునే ప్రతి ఇల్లూ ఆ పత్రానికి రుణపడి ఉంది.

1992లో పుట్టిన నెట్‌యాప్ సంస్థ ఫైళ్లు దాచే పని తప్ప మరోటి చెయ్యని యంత్రాన్ని అమ్మడానికి పూనుకుంది. రొట్టె కాల్చే టోస్టర్ లాగా పెట్టగానే పని చెయ్యాలన్నది వాళ్ల పట్టుదల. టోస్టర్ అన్న ముద్దుపేరు దానికి అలాగే నిలిచింది. పోలిక ఇంటిదే అయినా ధర మాత్రం ఆఫీసుదే.

ఇంటివైపు చూపు తిప్పిన తొలి అందమైన వస్తువు కోబాల్ట్ క్యూబ్. మౌంటెన్ వ్యూలోని కోబాల్ట్ సంస్థ 1998లో దాన్ని బయటికి తెచ్చింది. ఏడుంబావు అంగుళాల నీలిరంగు పెట్టె. లోపల మిప్స్ జాతి చిప్. ఆ రోజుల్లో పిల్లలు ఆడుకునే ప్లేస్టేషన్ లోపల ఉన్నదీ ఆ జాతి చిప్పే. చిన్న ఆఫీసుల కోసం చేసిందే అయినా, దాన్ని చూసినవాళ్లకు సర్వర్ అంటే గదినిండా హోరెత్తే ఇనపబీరువా అన్న భయం పోయింది. 2000లో సన్ సంస్థ 200 కోట్ల డాలర్ల విలువ కట్టి కోబాల్ట్‌ను కొనేసింది. మూడేళ్లలో ఆ నీలి పెట్టెల అమ్మకం ఆగిపోయింది.

అసలు మలుపు 2004లో వచ్చింది. కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో ఉన్న లింక్సిస్ ఎన్‌ఎస్‌ఎల్‌యూ2 అనే చిన్న పరికరం తెచ్చింది. అరచేతిలో ఇమిడేది. లోపల డిస్కే లేదు. వెనక రెండు యూఎస్‌బీ రంధ్రాలుంటాయి, డిస్కు ఎవరిది వాళ్లే తగిలించుకోవాలి. మెమరీ 32 మెగాబైట్లు. ధర వంద డాలర్ల లోపు. పేరులోని అక్షరాలను కలిపి చదివి జనం దాన్ని స్లగ్ అన్నారు, అంటే గుల్ల లేని నత్త. మెల్లగా పాకే దాని నడకకూ ఆ పేరు అతికినట్టు సరిపోయింది. లోపల నడిచేది లైనక్స్ కాబట్టి లింక్సిస్ ఆ కోడ్ బయటపెట్టింది. ఔత్సాహికులు దాన్ని విప్పి, తమకు కావలసినట్టు తిరగరాసుకున్నారు. 2007లో వచ్చిన డెబియన్ లైనక్స్ నాలుగో విడుదల ఈ నత్త మీద కూడా నడిచింది.

నత్త లోపల ఒక రహస్యం ఉంది. అందులోని ఇంటెల్ చిప్ 266 మెగాహెర్ట్జ్ వేగంతో పరుగెత్తగలదు. మొదట్లో వచ్చిన పరికరాల్లో దాన్ని సరిగ్గా సగానికి, 133కు కట్టేశారు. కట్టేసిన తాడు బోర్డు మీద ఆవగింజంత రెసిస్టర్. మూత ఊడదీసి, భూతద్దం పెట్టుకుని, ఆ గింజను ఊపిరి బిగబట్టి పెకలిస్తే చాలు, వేగం రెట్టింపవుతుంది. చెయ్యి వణికితే పక్క భాగం ఊడొస్తుంది. అయినా ఎందరో ధైర్యం చేశారు. వంటింటి బల్లమీద సర్వర్ని విప్పి సరిచేసుకోవచ్చని, అది రోజంతా వెలిగి ఉన్నా కొద్ది వాట్లతో సరిపెట్టుకుంటుందని కళ్లారా చూసింది అప్పుడే. ఇంటి సర్వర్ చరిత్రలో పెద్దపీట ఈ చిన్న నత్తకే వెయ్యాలి.

సాఫ్ట్‌వేర్ సగం అమెరికా బయటినుంచి వచ్చింది. విండోస్ కంప్యూటర్లతో మాట కలిపే సాంబాను 1992లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ రాయడం మొదలుపెట్టాడు. ఆ సంభాషణ పద్ధతి పేరులోని ఎస్, ఎం, బి అక్షరాలు వరసగా వచ్చే మాటలను నిఘంటువు ఫైల్లో వెతికితే దొరికిన పేరది. 2005 అక్టోబరులో ఫ్రాన్స్‌లో ఒలివియే కొషార్ లాబ్బే ఫ్రీనాస్ విడుదల చేశాడు. ఇంటర్నెట్ కాపలాకు ఉద్దేశించిన మోనోవాల్ అనే చిట్టి వ్యవస్థకు అతను నిల్వ పని నేర్పాడు. తర్వాత దాన్ని అందిపుచ్చుకున్న ఐఎక్స్‌సిస్టమ్స్ అప్పట్లో శాన్ హోసే సంస్థే. అలా తొలి డిస్కు పుట్టిన ఊరికే ఈ పని చేరింది.

2007 జనవరిలో లాస్ వేగస్ ప్రదర్శనలో బిల్ గేట్స్ విండోస్ హోమ్ సర్వర్ ప్రకటించాడు. ఇంట్లో ఇలాంటిదొకటి ఎందుకో జనానికి తెలియదని మైక్రోసాఫ్ట్‌కు తెలుసు. అందుకే పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి వేయించింది. ఆ పుస్తకం పేరుకు అర్థం: అమ్మా, మన ఇంట్లో సర్వర్ ఎందుకుంది? ప్రశ్న మంచిదే. అయితే ఫైళ్లను పాడుచేసే లోపం ఒకటి బయటపడింది. దాన్ని సరిదిద్దేసరికి 2008 జులై వచ్చింది. దాచమని ఇచ్చిన వస్తువు చెడిందన్న మాట ఒక్కసారి పుడితే, ఆ భోషాణాన్ని మళ్లీ నమ్మడం కష్టం.

2008లోనే ఇంటెల్ ఆటమ్ చిప్ వచ్చింది. దాన్ని బిగించిన ఒక ఇంటెల్ బోర్డు చూస్తే వాట్లు ఎక్కడ దాక్కుంటాయో తెలుస్తుంది. ప్రాసెసర్ గరిష్ఠ వేడి 4 వాట్లు. దానికి తోడుగా పెట్టిన పాత చిప్‌సెట్‌ది 22 వాట్లు. అందుకని ప్రాసెసర్ మీద ఉత్త లోహపు రెక్కలే ఉండేవి, ఫ్యాను మాత్రం పక్కనున్న చిప్‌సెట్ మీద తిరిగేది. డబ్బా మీద చిప్ వాట్లు చదివి కొన్నవాళ్లు, గోడ సాకెట్‌కు వాట్‌మీటర్ పెట్టి చూస్తే ఆశ్చర్యపోవలసి వచ్చింది. అమెరికాలో చాలామంది ఇందుకు వాడేది కిలావాట్ అనే చిన్న మీటర్. దాన్ని పుస్తకంలా అరువిచ్చే ప్రజాగ్రంథాలయాలు కూడా ఉన్నాయి.

పవర్ సప్లయ్‌లోనూ ఇదే తంటా. 2004లో మొదలైన 80 ప్లస్ ముద్ర మంచిదే, కానీ మామూలు ముద్రకు పరీక్ష 20 శాతం భారం నుంచే మొదలవుతుంది. 500 వాట్ల సప్లయ్ మీద 20 వాట్ల సర్వర్ పెడితే భారం 4 శాతమే. ఆ ముద్ర అక్కడి సంగతి చెప్పదు. పైగా పెద్ద డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక్కటే 20 వాట్ల పైన లాగుతుంది, కాబట్టి మరీ చిన్న సప్లయ్ పెట్టినా కుదరదు.

డిస్కుల్లో పొదుపు కూడా ఒకసారి ఎదురు తిరిగింది. వెస్టర్న్ డిజిటల్ 2007లో తెచ్చిన గ్రీన్ డిస్కులు 8 సెకన్లు పని లేకపోతే రాసే, చదివే ముల్లును పక్కకు తీసి పెట్టేవి. డెస్క్‌టాప్‌కు అది బాగుంది. సర్వర్ మాత్రం ఊరుకోదు, మాటిమాటికీ ఏదో రాస్తుంది. అరనిమిషానికోసారి ముల్లు లేచి పడుకుంటే రోజుకు 2,880 సార్లు. డిస్కు తట్టుకుంటుందని చెప్పిన 3 లక్షలు సుమారు నూరు రోజుల్లో కరిగిపోతాయి. నిల్వ పెట్టెల కోసమే రెడ్ అనే డిస్కులు 2012లో వచ్చాయి.

గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత నిల్వ ఆపేసింది. ఇంటి పెట్టె ఆలోచన కొత్తవాళ్ల తలుపు తట్టింది. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 చిప్ లెక్క 6 వాట్లు, నాలుగు కోర్లు. ఇప్పుడు పెట్టెలో ఎక్కువ తినేది తిరిగే డిస్కులే. మూడున్నర అంగుళాల డిస్కు ఊరికే తిరుగుతున్నా అయిదారు వాట్లు పోతాయి. అందుకే ఫ్రీమాంట్ కొడుకు లాంటివాళ్లు ఫొటోలనూ కొత్త వీడియోలనూ తిరిగే భాగాల్లేని ఎస్‌ఎస్‌డీ మీద పెట్టి, పెద్ద డిస్కులను నకళ్లకు వాడి పడుకోబెడతారు. పడుకున్న డిస్కు లేవడానికి పది సెకన్లు పట్టవచ్చు, నాయనమ్మ అంతసేపు తెర వంక చూస్తూ కూర్చోనక్కర్లేదు.

రెయిడ్ ఉన్నంత మాత్రాన రెండో నకలు ఉన్నట్టు కాదు. దొంగో నిప్పో వస్తే రెండు డిస్కులూ కలిసే పోతాయి. అందుకని కొందరు సెలవులకు వచ్చేటప్పుడు రెండో పెట్టె సూట్‌కేసులో తెచ్చి, విజయవాడ ఇంట్లో రూటర్ పక్కన పెట్టి వెళ్తున్నారు. అక్కడ రాత్రి తీసిన ఫొటో అక్కడ తెల్లారేలోపే ఇక్కడికి చేరుతుంది. కరెంటు పోయినా భయం లేదు. పదిపదిహేను వాట్లే కాబట్టి హాల్లో ఫ్యానుతో పాటు ఇన్వర్టర్ మీద గంటలకొద్దీ నడుస్తుంది.