హైదరాబాదు పాతబస్తీలో బండ్ల రొద — దానిపై శాసనములు



మీలో ననేకులు వైద్యమునకో, న్యాయస్థానపు పనికో, పెండ్లిబట్టలకో హైదరాబాదు పాతబస్తీకి పోయి వచ్చినవారే. మదీనా కూడలికడ బస్సు దిగి చార్మినారు వంక నడచునప్పుడు ప్రక్కవానితో నొక్క మాట చెప్పవలెనన్నను వాని చెవికడ నోరుంచి కేకవేయవలసివచ్చుట మీకనుభవమే. ఈ రొదను చట్టము వారింపలేదా యని యడుగువారు కలరు. వారించినది, ఒకమారు గాదు, పలుమారులు. ఆ వృత్తాంతమును విన్నవించెదను.

1591వ సంవత్సరమున మహమ్మదు కులీ కుతుబ్‌షా ఈ నగరమును నిర్మించిన కాలమున పెద్దధ్వని యనునది రాజచిహ్నము. చార్కమానులని పేరుగన్న నాలుగు తోరణములలో తూర్పుదిక్కున నున్నది షాహీ నగారాఖానా; దానినే నేడు కాలీకమాను అందురు. తరువాతి మొగలాయి, ఆసఫ్‌జాహీ ప్రభుత్వములలోను నగారా మ్రోగించుకొను హక్కును ప్రభువే యొసగవలెను. ఎంత ధనమున్నను తనంతట తాను మ్రోగించుకొనుట కెవ్వనికిని వీలులేదు. నేడు పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు మోటారుసైకిలెక్కి, ఏ ఫర్మానాయు లేకయే, ఆ ఉమరావుల నగారాలను మించి మ్రోగించుకొని పోవుచున్నాడు!

ఇరువదవ శతాబ్దారంభమున మోటారుకార్లు వచ్చినవి. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను సింహాసనమువంటి ఆసనము గల రోల్స్‌రాయిసు కారును చేయించుటకు ఉత్తరువిచ్చి, అది చేరకమునుపే 1911లో గతించెను. 1932లో నిజాము ప్రభుత్వపు రైల్వేశాఖవారు 27 బస్సులతో ప్రయాణీకుల రవాణా ప్రారంభించిరి. పల్లకీలకును, జట్కాలకును, కాలినడకకును ఏర్పడిన గల్లీలలో యంత్రవాహనములు జొరబడినవి. ఇరుప్రక్కల ఎత్తయిన గోడలుండుటచే ధ్వని పైకిపోక గోడనుండి గోడకు తగిలి తిరుగును.

ఇచట నొక చిత్రము గమనింపుడు. మోటారు చట్టములు మొదట కోరినది నిశ్శబ్దము గాదు, శబ్దమే. చప్పుడు లేక వచ్చిన బండి మనుష్యుని మీదికెక్కునని భయపడి ప్రతి వాహనమునకును హారను ఉండవలెనని విధించిరి. లారీల వెనుక హారను మ్రోగింపుడని తామే వ్రాసికొనుట మనమెల్లరము చూచినదే. ప్రాణరక్షణకై యిచ్చిన సాధనము తొందరపాటునకు సాధనమయ్యెను.

ఈ బాధ మనకు మాత్రమే కలిగినది గాదు. క్రీస్తుపూర్వము 45 ప్రాంతమున రోమునగరమున జూలియస్ సీజరు పగటివేళ సరకుబండ్లను వీధులలోనికి రానీయరాదని శాసించెను. బండ్లన్నియు రాత్రివేళ వచ్చుటచే జనులకు నిద్ర కరవయ్యెను. తరువాతి కాలపు కవి జువెనలు ఆ నగరమున నిద్ర ధనికులకే దక్కునని వాపోయెను. 1934లో ఆంగ్లదేశపు రవాణామంత్రి హోర్‌బెలీషా జనావాసములలో రాత్రి 11.30 మొదలు ఉదయము 7 గంటలవరకు హారను మ్రోగింపరాదని నిషేధించెను.

మన నగరమునకు మరలుదము. ఫస్లీ 1348లో, అనగా 1938–39లో, నిజాము ప్రభుత్వము హైదరాబాదు నగర పోలీసు చట్టమును చేసెను. వీధులలో రాకపోకలను, క్రమమును కాపాడుటకు నిబంధనలు చేయు నధికారము కొత్వాలున కందు కలదు. రాజ్యము పోయినను ఆ చట్టము పోలేదు. నేటికిని అమలులో నున్నది. దేశమంతటికిని వర్తించు 1989 నాటి మోటారు నిబంధనలు పలుస్వరముల హారనులను, కర్ణకఠోరమైన హారనులను నిషేధించి, అంబులెన్సులకును అగ్నిమాపక శకటములకును మినహాయింపు నిచ్చినవి. 2000వ సంవత్సరపు ధ్వనికాలుష్య నిబంధనలు కొలతలు పెట్టినవి. నివాసప్రాంతమున పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45. వ్యాపారప్రాంతమున పగలు 65, రాత్రి 55. పది డెసిబెళ్లు పెరిగిన ధ్వనిశక్తి పదిరెట్లగును గనుక ఈ యంకెల నడుమ భేదము కనబడునంత స్వల్పము గాదు. పాతబస్తీలో క్రింద దుకాణము, పైన కాపురము. అచట పసిబిడ్డ నిద్రకు నివాసపు కొలత వర్తించునో, వ్యాపారపు కొలత వర్తించునో!

ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టును నూరు మీటర్లవరకు నిశ్శబ్దప్రాంతముగ నిర్ణయింపవచ్చును. చార్మినారు ప్రక్కనే నిజామియా యునానీ ఆసుపత్రి కలదు. మూసీ యొడ్డున హైకోర్టు, దానిచెంత సిటీకాలేజి. నిశ్శబ్దప్రాంతములలోను, రాత్రివేళ నివాసప్రాంతములలోను హారను కూడదని 2010లో స్పష్టముగ జేర్చిరి. బహదూరుపురా జంతుప్రదర్శనశాలకడ ధ్వనిని కొలుచు యంత్రమును గూడ ప్రభుత్వము నిలిపినది.

ఇక శిక్షలు. 2019లో పార్లమెంటు మోటారు చట్టమును సవరించెను. నిష్కారణముగ హారను మ్రోగించినను, పొగ సైలెన్సరుగుండ గాక వేరుదారిని పోవునట్లు బండి నడపినను మొదటిమారు వేయి రూపాయలు, మరల చేసిన రెండువేలు. ధ్వనిప్రమాణములను మీరిన వాహనమును నడపినవానికి మూడునెలలవరకు ఖైదు గాని, పదివేలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. అక్కడికక్కడ రాజీపై వసూలుచేయు మొత్తమును రాష్ట్రప్రభుత్వము నిర్ణయించును.

ఇన్ని శాసనములుండియు రొద యేల తగ్గలేదు? నాకు తోచినది చెప్పెదను. ధ్వని మ్రోగిన క్షణముననే నశించును. దొంగసొత్తువలె దొరకదు, గాయమువలె కనబడదు. నూరు బండ్లు ఒక్కమారు మ్రోగించిన కూడలిలో కానిస్టేబులు ఎవనిని పట్టుకొనును? పట్టుకొన్నను, అవసరమై మ్రోగించితినని వాడనును. సైలెన్సరు సంగతి వేరు. ఇంజనునుండి వచ్చు వాయువు రంధ్రముల గొట్టములగుండను, అరలగుండను పోయి మెత్తబడుటకు దానిని అమర్చుదురు. లోపలి అరలను తీసివేసినను, వేరొక గొట్టమును బిగించినను ఆ నేరము బండికే అంటుకొనియుండును. రేపు చూచినను కనబడును. పలుస్వరముల హారనును అట్టిదే. ఆ పరికరములను విప్పించి తీసికొనుచోట చట్టమునకు బలము కలదు. వట్టి మ్రోతను శిక్షింపబూనినచోట చట్టము చెవులు మూసికొని నిలుచున్నది. అందుచే పరికరమును బిగించి యిచ్చు దుకాణముపై దృష్టి నిలుపుట మేలని నా యభిప్రాయము.

ఇది పట్టణపు గోలయని మీరనుకొనవలదు. బండి రూపమును అక్రమముగ మార్చిన యజమానికి ఆరునెలలవరకు ఖైదో, ఒక్కొక్క మార్పునకు అయిదువేల రూపాయల జుల్మానాయో 2019 సవరణలో కలదు. నగరమున చదువుచున్న మనుమనికి బండి కొనియిచ్చినప్పుడు కాగితములు తాతగారి పేరనే యుంచుట మన యిండ్లలో పరిపాటి. అచట కెమెరాకు చిక్కిన బండి చలానా ఆ పేరుననే వచ్చును. ఈమారు పిల్లవాడు పండుగకు ఇల్లు చేరినప్పుడు బండిని వాకిట నిలిపి, ఇంజను నడపుమని చెప్పి, ఆ గొట్టపు మ్రోతను మీచెవులతో నొకమారు వినుడు.